ఆరవ ఆజ్ఞయు మన ఆమేనును



పది ఆజ్ఞలు చదువునప్పుడు ఏడవదానికి తలలు వంచువారున్నారు, ఎనిమిదవదానికి కొందరు దగ్గుదురు. నరహత్యను గూర్చిన ఆరవ ఆజ్ఞకు మాత్రము సంఘమంతయు నిబ్బరముగా కూర్చుండును. మనమెవ్వరిని చంపితిమి? 2019 వరకు నేనును ఆలాగే కూర్చుంటిని.

ఆ సంవత్సరము నవంబరు 27న శంషాబాదు దగ్గర ఒక పశువైద్యురాలిని దుర్మార్గులు చెరిపి చంపి, షాద్‌నగరు దాపున చటాన్‌పల్లి వంతెన క్రింద దేహమును కాల్చివేసిరి. ఆ వారము మా జహీరాబాదు ప్రాంతములో ఆడపిల్లలుగల ఇండ్లలో అన్నము సయించలేదు. డిసెంబరు 6 తెల్లవారుజామున, పట్టుబడిన నలుగురును ఆ స్థలమునకు సమీపముననే పోలీసుల తుపాకులకు కూలిరి. జనులు పోలీసులమీద పూలు చల్లిరి. 8వ తేదీ ఆదివారమున మా గుడిలో ఒక పెద్ద లేచి, దేవుడు న్యాయము తీర్చెనని స్తోత్రము చెల్లించెను. సంఘము ఆమేన్ అనెను. అందరికంటె నా గొంతే గట్టిగా పలికెను. నాకును కుమార్తె యున్నది.

ఆరాధన ముగిసినపిమ్మట, కూలి చేసికొని బ్రదుకు ఒక విధవరాలు నాయొద్దకు వచ్చి మెల్లగా అడిగెను: "అయ్యగారూ, వాళ్లే చేసిండ్రని కోర్టుల తేలిందా?"

తేలలేదమ్మా, అంటిని.

"మరి మనం ఆమేన్ ఎందుకంటిమి?"

ఆ రాత్రి సంఖ్యాకాండము 35వ అధ్యాయము తీసితిని. ఆరవ ఆజ్ఞలోని హెబ్రీ మాట 'రాత్సాఖ్' అని సెమినరీలో నేర్చితిమి. కావలెనని చేసిన హత్యకును, పొరపాటున జరిగినదానికిని, ప్రతిహత్య చేయువాడు చంపుటకును ఆ అధ్యాయములో అదే మాట కనబడును. మోషే ధర్మశాస్త్రము మరణశిక్షను ఎరుగును. అయినను యొర్దానుకు ఇవతల మూడు, అవతల మూడు ఆశ్రయపురములను ఏర్పరచి, నరహంతకుడు సమాజము ఎదుట నిలువక మునుపు చావకూడదనెను. ఒక్క సాక్షి మాట చాలదనెను. మన న్యాయస్థానములు ఏండ్ల తరబడి సాగదీయునవి గదా అందురు. నిజమే, అదియు ఆ బిడ్డ తలిదండ్రులకు అన్యాయమే. దానికి మందు తుపాకి కాదు.

సుప్రీంకోర్టు నియమించిన జస్టిస్ సిర్పూర్కర్ కమిషన్ నివేదిక 2022 మే నెలలో బయటికి వచ్చెను. చంపవలెనను ఉద్దేశముతోనే కాల్పులు జరిగెననియు, నలుగురిలో ముగ్గురు పదునెనిమిదేండ్లు నిండనివారనియు అందులో నున్నది. పోలీసులు ఒప్పుకొనక హైకోర్టుకు వెళ్లిరి. ఆ వాదము న్యాయమూర్తులది. నాకున్నది నా ఆమేన్ గూర్చిన వాదము. కొండమీద ప్రభువు ఈ ఆజ్ఞను చేతినుండి తీసి కోపముమీదను నాలుకమీదను పెట్టెను. నేను తుపాకి పట్టలేదు. పూలును చల్లలేదు, చటాన్‌పల్లి మాకు దూరము గనుక.

ఆ నివేదిక వార్త చదివిన ఆదివారము, నాటి నా ఆమేన్ తప్పని సంఘము ఎదుట చెప్పితిని. ఆ పెద్ద మండిపడి, "మీ బిడ్డకైతే?" అనెను. నాకు జవాబు రాలేదు. రెండు వారములు ఆయన గుడికి రాలేదు. మూడవ వారము వచ్చెను. ఆ దినము అయిదు ఇండ్ల కొరకు ప్రార్థించితిమి: ఆ వైద్యురాలి ఇల్లు, ఆ నలుగురి ఇండ్లు. ఆయన కండ్లు మూసికొనలేదు. లేచి వెళ్లనూ లేదు.