ఒడ్డుకు కొట్టుకొచ్చిన సొమ్ము

బాపట్ల జిల్లా మోటుపల్లిలో వీరభద్రస్వామి గుడి దగ్గర ఒక రాతి స్తంభం ఉంది. ఓరుగల్లు ఏలిన కాకతీయ గణపతిదేవుడు 1244-45లో సముద్ర వ్యాపారులకు ఇచ్చిన అభయ శాసనం దాని మీదే ఉంది. పూర్వపు రాజులు, తుపానుకు చిక్కి పగిలిన ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు మొత్తం బలవంతంగా తీసేసుకునేవారట. తాను ఆ పని చెయ్యనన్నాడు గణపతిదేవుడు. ప్రాణాలకు తెగించి సముద్రం మీదికి వచ్చినవాళ్ల సరుకు వాళ్లకే వదిలేస్తానని, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని రాయించాడు. ఆ సుంకం ముప్పై వంతుల్లో ఒకటి. కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పట్టుదారం, మిరియాలు, ఇలా కొన్ని సరుకుల లెక్క విడిగా కూడా ఉంది.

చరిత్ర పుస్తకాలు దీన్ని వ్యాపారం కింద చెబుతాయి. నాకు మాత్రం ఇది కర్మ సిద్ధాంతం మీద ఒక రాజు ఇచ్చిన తీర్పులా కనిపిస్తుంది. గాలివాన దైవికం. ఓడ పగలడం దైవికం. మరి ఒడ్డున పడ్డ సొమ్ము ఎవరి ప్రాప్తం? పోగొట్టుకున్నవాడికి అంతే రాసిపెట్టి ఉంది, దొరికినవాడికి ఇలా రాసిపెట్టి ఉంది అంటే అక్కడితో అయిపోయినట్టేనా?

మా మరిపెడ వాళ్లకు సముద్రం చుట్టం కాదు. చెల్లెలి కూతురి పెళ్లి బట్టలకు చీరాల వెళ్లినప్పుడు, పిల్లల పోరు పడలేక ముందు వాడరేవు బీచికి, నా పోరు పడలేక తర్వాత మోటుపల్లికి బండి తిప్పారు. వాడరేవులో పిల్లలు తడిసి ముద్దయ్యారు. అల వెనక్కి పోయేటప్పుడు పాదాల కింద ఇసుక జారిపోతుంటే, నేల మీద నిలబడి కూడా కాసేపు భయం వేసింది. మోటుపల్లిలో స్తంభం ముందు చాలాసేపు నిలబడ్డాను. ఇన్నేళ్లు పిల్లలకు తెలుగు అక్షరాలు దిద్దించిన దాన్ని, వేలితో తడుముతూ కొన్నిటిని పోల్చుకోగలిగాను. మా ఓరుగల్లు రాజు మాట ఇంత దూరంలో, ఈ ఉప్పుగాలిలో నిలబడి ఉందంటే గుండె నిండింది.

అక్కడే నాకు మా ఆకేరు వాగు గుర్తొచ్చింది. 2024 సెప్టెంబరు 1న వచ్చిన వరదకు పురుషోత్తమాయగూడెం బ్రిడ్జి దగ్గర రోడ్డు కొట్టుకుపోయింది, మా మండలంలోనే సీతారాం తండా నీళ్లపాలైంది. నీళ్లు తీశాక చేలల్లో ఏముందని అడగండి. గ్యాసు సిలిండర్లు, బోరు మోటార్లు, కరెంటు వైర్లు, పెట్టెలు, మంచం కోళ్లు. కొందరు ఇంటికి పట్టుకుపోయారు. నేను ఒకామెను మెల్లగా అడిగితే, "టీచరమ్మా, గంగమ్మ తెచ్చిచ్చింది, మనమేమన్న దొంగతనం చేసినమా?" అంది. ఆమెదీ ఇల్లు మునిగిందే. ఆ మాటకు అప్పుడు నా దగ్గర జవాబు లేదు. అదే వారంలో ఒక రైతు, తన చేలోకి వచ్చిన మోటారును బురద కడిగి, గట్టు మీద వేపచెట్టుకు తాడుతో కట్టాడు. దాని మీద ఎర్ర రంగుతో రాసిన పేరు రోడ్డు మీదికి కనబడేలా తిప్పి పెట్టాడు. ఎవరైనా ఎత్తుకుపోతారేమోనని సాయంత్రాలు అక్కడే కూర్చునేవాడు.

గంగమ్మ తెచ్చింది నిజమే. అయితే గంగమ్మ చేను గట్టు దాకానే తెచ్చింది. అక్కడినుంచి ఇంట్లోకి మోసుకెళ్లింది మన చేతులు. దైవం చేసే పని ఒడ్డు దగ్గర ఆగిపోతుంది, అక్కడ మన పని మొదలవుతుంది. మోటుపల్లి స్తంభం గీసిన గీత అదేనని నా నమ్మకం. భగవద్గీత పదహారో అధ్యాయం దైవీ సంపదను లెక్కపెడుతూ అభయంతోనే మొదలుపెట్టింది. అక్కడ చెప్పింది మన మనసులో భయం లేకపోవడం. మన వల్ల ఎదుటివాడికి భయం లేకపోవడం అంతకంటే కష్టమనిపిస్తుంది నాకు. దానికి మన చేతిని మనమే కట్టేసుకోవాలి. ముప్పై వంతుల్లో ఒకటి అని రాతి మీద చెక్కించడం అలా కట్టేసుకోవడమే. దయ చూపిస్తానని ఊరుకుంటే, రేపు ఎంత దయ వస్తుందో వ్యాపారికి ఎలా తెలుస్తుంది?

ఒడ్డున పడ్డ సొమ్ము ఎవరిదన్న ప్రశ్న మనకొక్కరికే వచ్చింది కాదు. మధ్యధరా సముద్రం చుట్టూ కూడా పగిలిన ఓడ సొమ్ము ఒడ్డువాడిదేనన్న ఆచారం ఉండేది. 1179లో రోమ్‌లో జరిగిన మూడో లాటరన్ సభ, ఓడ పగిలిన క్రైస్తవులను దోచినవాళ్లను మతం నుంచి వెలివేస్తామంది. గొప్ప మాటే. కాకపోతే అది క్రైస్తవులైన బాధితుల గురించి. మోటుపల్లి శాసనం అన్ని ద్వీపాలకు, దేశాలకు, పట్టణాలకు వచ్చిపోయే వాళ్లందరికీ అభయం ఇచ్చింది, ఏ దేవుణ్ణి మొక్కుతారని అడగలేదు. ఆ మధ్యధరా రేవుల్లో పేరుమోసిన వెనిస్ నుంచి వచ్చిన మార్కోపోలో, కొన్ని దశాబ్దాల తర్వాత ఈ తీరం గురించి రాస్తూ ఇక్కడి రాణి న్యాయాన్ని మెచ్చుకున్నాడు. ఆమె గణపతిదేవుడి కూతురు రుద్రమదేవి అని చరిత్రకారులు చెబుతారు.

గణపతిదేవుడు దీన్ని దయతో పాటు కీర్తి కోసం, ధర్మం కోసం చేస్తున్నానని దాచకుండా రాయించాడు. ఓడలు వస్తే ఖజానా నిండుతుందనీ తెలుసు. ఫలం కోరి చేసిన మంచి మంచేనా అని పెద్దలు వాదించవచ్చు. నేను సరుకు పోయినవాడి వైపు నిలబడి చూస్తాను. వాడి ముత్యాలు వాడికి దక్కాయి. రాజు మనసు ఎంత శుద్ధమో తేల్చేది దేవుడు, ఆ లెక్క ఆయనకే వదిలేద్దాం.

కాకతీయ రాజ్యం 1323లో పోయింది. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే మోటుపల్లిలో వ్యాపారులకు మళ్లీ అభయమిస్తూ తన శాసనం వేయించాడు. పాత రాయి అక్కడే ఉన్నా, తన మాట తాను ఇవ్వాల్సి వచ్చింది. మాకూ అంతే. ఈసారి తొలకరికి ముందే గ్రామసభలో అడగబోతున్నాను: ఆకేరులో కొట్టుకొచ్చిన ఏ వస్తువైనా పంచాయతీ ఆఫీసు దగ్గర పెట్టాలని, పెట్టినవాళ్ల కూలి ఎంతో ఆ సభలోనే తేల్చాలని, తండాలతో సహా అన్ని చోట్లా చాటింపు వేయించాలని.