వర్ణములు, స్ఫోటము, ఇరువది నిమిషముల పాఠము

మూడవ తరగతిలో కూర్చుండి, వర్ణమాలనంతయు తడబడక వల్లించి, కకారపు గుణింతమును తలకట్టు మొదలు విసర్గ వఱకు రాగయుక్తముగా అప్పగింపగలిగియు, నల్లబల్లపై 'వాన' యను రెండక్షరముల మాటను వ్రాసి చూపినంతనే 'వా' యని పలికి, 'న' యని పలికి, ఆపైన నోరు మెదపలేక నిలిచిపోవు పిల్లలు మన ప్రాథమిక పాఠశాలలలో అరుదు కారు. వారిని మందబుద్ధులని త్రోసిపుచ్చుట సులభము. కాని విడివిడిగా వినబడిన రెండు ధ్వనులు ఒక్క మాట ఎట్లగునన్న ప్రశ్న, ఆ పిల్లవానికి బల్లయెదుట ఎదురైన ప్రశ్న, మన దేశమున మీమాంసకులును వైయాకరణులును తరతరములుగా వాదించుకొనిన ప్రశ్నయే గాని వేఱొకటి కాదు. ఆ సంగతి నెఱిగిన ఉపాధ్యాయుడు వానిపై విసుగుకొనజాలడని నా నమ్మకము.

పతంజలి తన మహాభాష్యమునకు ఆరంభమున, 'గౌః' అన్నచోట శబ్దమనదగినది యేదని ప్రశ్నించి, దేనిని ఉచ్చరింపగా గంగడోలు, తోక, మూపురము, గిట్టలు, కొమ్ములు గల జంతువు మనకు తెలియవచ్చునో అదియే శబ్దమని తేల్చెను. శబరస్వామి ఉపవర్షుని అభిప్రాయము నాశ్రయించి, గకారము, ఔకారము, విసర్జనీయము, ఈ మూడును తప్ప శబ్దమని వేఱుగా ఏదియు లేదనెను. అట్లయిన గకారము వినబడువేళ ఔకారము లేదు, ఔకారము వినబడువేళకు గకారము గతించినది. ఒకచోట ఎన్నడును కలిసియుండని వర్ణములు కలిసి అర్థమునెట్లు బోధించును? ఒక్కొక్క వర్ణము పోవుచు పోవుచు ఒక సంస్కారమును విడిచిపోవుననియు, ఆ సంస్కారములతో కూడుకొనిన చివరి వర్ణమే అర్థబోధకమనియు మీమాంసకుల సమాధానము. శ్లోకవార్తికమున కుమారిలభట్టు ఈ పక్షమునే దృఢముగా సమర్థించెను. వాక్యపదీయకర్తయైన భర్తృహరి దీని కంగీకరింపలేదు. ఆయన దృష్టిలో శబ్దము అఖండము. వర్ణములు దానిని నిర్మించునవి కావు, వ్యక్తపఱచునవి మాత్రమే. ఆ అఖండశబ్దమునకే స్ఫోటమని పేరు; దానిని నిలుపుటకై మండనమిశ్రుడు స్ఫోటసిద్ధి యను గ్రంథమును రచించెను.

ఈ రెండు పక్షములలో ఏది పరమార్థమో నిర్ణయించునంతటి పాండిత్యము పాఠము చెప్పువానికి అక్కఱలేదు. కాని మీమాంసకుని సమాధానమును ఆ నిలిచిపోయిన పిల్లవాని ప్రక్కన నిలిపి చదివినచో, అది సిద్ధాంతముగా గాక వైద్యుని రోగనిర్ణయమువలె వినబడును. వాడు నకారమును చూచి, అది నకారమో సకారమో తేల్చుకొనుటకు తన శక్తినంతయు వెచ్చించునప్పటికి, 'వా' విడిచిపోయిన సంస్కారము మాసిపోయినది. చివరి వర్ణము ఒంటరిగా మిగిలినది. వానికి అక్షరజ్ఞానము లేకకాదు, అక్షరములను గుర్తించుటలో జాగు ఉన్నందున సంస్కారములు ఒకచోట చేరుటలేదు. తైత్తిరీయోపనిషత్తులోని శీక్షావల్లి విద్యాభ్యాసమునకు అంగములుగా వర్ణము, స్వరము, మాత్ర, బలము, సామము, సంతానము అను నాఱింటిని పేర్కొన్నది. మనము వర్ణముతో మొదలుపెట్టి, ఎడతెగని కూర్పనదగిన ఆ సంతానము దానంతట అదియే వచ్చునని వదలివేయుచున్నాము.

కావున పాఠము చిన్నదై యుండవలెను. ఇరువది నిమిషములు చాలును. అందులో మొదటి భాగము వీనులకే గాని కన్నులకు కాదు: 'వాన' యను మాటను ఉపాధ్యాయుడు సాగదీసి పలికి, 'వన', 'వాన' లలో ఏది దీర్ఘమో, 'మల', 'మాల' లలో మొదటి ధ్వని మాఱినదో అచ్చు పొడవు మాఱినదో పిల్లలచేత చెప్పింపవలెను. అటుపై మ, న, ల, వ యను నాలుగక్షరములును, ఒక్క దీర్ఘమును తప్ప మఱేదియు బల్లపైకి రాగూడదు. ఈ నాలుగింటినే ఏల ఎన్నుకొనవలెనన్నచో, వీనిని ఊపిరియున్నంతసేపు నిలిపి పలుకవచ్చును. మ్‌ను ఆపకయే ఆ-కారములోనికి జారవచ్చును. క, ట, ప వంటి పరుషములలో గాలి అడ్డగింపబడి ఒక్క తృటిలో విడువబడును గనుక వానిని సాగదీయుటకు వీలులేదు. అవి తరువాతి దినములకు తగినవి. ఆడుపులి తన కూనలను కోఱలతో పట్టి, గాయపఱుపకయు జాఱవిడువకయు కొనిపోవునట్లు వర్ణములను పలుకవలెనని పాణినీయశిక్ష చెప్పినది. ధ్వనులను కలుపుట నేర్పువానికి ఇంతకంటె మేలైన ఉపదేశము నాకు కానరాలేదు. 'వా' అని గట్టిగా నొక్కి ఆగినచో మాట తెగును, గబగబ పలికినచో ధ్వని జాఱిపోవును. వ్రేలు అక్షరముల క్రింద ఆగక జరుగుచుండగా గొంతును ఆగక సాగవలెను.

తెలుగున అక్షరము పేరును దాని పలుకును ఒక్కటే గదా, ఇరువదియాఱు అక్షరములతో నలువదికి పైబడిన ధ్వనులను వ్రాసికొను ఇంగ్లీషువారికే గాని మనకీ ధ్వనిశిక్షణ ఎందులకని అడుగువారు కలరు. ఈ మాటలో సగమే సత్యము. మన 'కా' అన్నది ఒక్క ధ్వని కాదు, రెండు. క్-కారమును ఆ-కారమును వేఱుగా వినజాలని పిల్లవానికి గుణింతము పాటయగునే గాని ఉపకరణము కాదు. క్రమము తప్పించి 'కే' చూపింపుడు, వాడు 'క, కా, కి, కీ' యని మొదటినుండి పాడుకొనుచు అచ్చటికి రావలసివచ్చును. రాగము తీయుచు చదువువానిని, అర్థమెఱుగక చదువువానిని అధమపాఠకులలో లెక్కించిన పాణినీయశిక్ష మన తరగతిగదులకెంత దగ్గఱనున్నది!

ఇంతవఱకు నేను మీమాంసకుని మాట వింటిని. పాఠము ముగియుచోట మాత్రము భర్తృహరి మాట వినవలెనని నా అభిప్రాయము. బాలురకు నేర్పు ఉపాయములన్నియు లాలనలనియు, అసత్యమైన మార్గమున నిలిచియే సత్యమును అందుకొనవలెననియు ఆయన వాక్యపదీయమున చెప్పెను. వానను వ్-ఆ-న్-అ గా విఱుచుట అట్టి మార్గమే. ఆ పిల్లవాడు వానలో తడిసినవాడు, 'వాన వస్తాంది' అని తల్లితో చెప్పినవాడు. ఆ శబ్దము వానియందు పూర్ణముగా నున్నది. మనము వానికి మాటను ఇచ్చుటలేదు, ఉన్నదానిపై తెర తొలగించుచున్నాము. 1955లో రుడాల్ఫ్ ఫ్లెష్ అమెరికా పాఠశాలలలో మాటను చిత్రమువలె గుర్తింపజేయు పద్ధతిని ఖండించి ధ్వనిపద్ధతిని నిలిపినప్పటినుండి ఆ దేశమున సాగిన వాదమున, ఒక పక్షము ఉపాయమునే విడిచిపెట్టగా, రెండవ పక్షమువారిలో కొందఱు ఉపాయమునే గమ్యమనుకొనిరని నాకు తోచును. మొదటి పొరపాటు వలన పిల్లవాడు ఊహించుట నేర్చును. రెండవదానివలన అర్థములేని ముక్కలు పలుకుట నేర్చును.

పలుమాఱులు ఆవృత్తియైన పిదప పరిపక్వమైన బుద్ధియందు చివరి ధ్వనితో శబ్దము భాసించునని కూడ భర్తృహరియే చెప్పెను. ఆవృత్తి యనగా నిత్యము కొంచెము. వారమునకొకమాఱు రెండు గంటలు కాదు. వత్తులకు తొందరపడరాదు. 'ఆస్తి' యన్నచో గుడి సకారముపైననుండును, తకారము క్రిందనుండును. చెవికి మాత్రము సకారము, తకారము, ఆ పిమ్మటనే ఇకారము. వెనుకటి ముద్రణలలోని వలపలగిలక యందు రేఫము ముందు పలికి వెనుక వ్రాయబడెడిది. కంటి క్రమమును చెవి క్రమమును విడిపోవు ఇట్టి తావులను, ఆ రెండును కలిసి నడచుట అలవడిన పిమ్మటనే చూపవలెను.

నాటి పాఠపు చివరి అయిదు నిమిషములలో ఆ నాలుగక్షరములతోనే 'మన మామ వల' అని వ్రాసి, పిల్లలచేత చదివించి, మామ వలలో ఏమి పడినదని అడుగవలెను. వారేమి చెప్పినను, చెప్పిన మాట వారి ఊరి పలుకులోనే, నేర్పని అక్షరములున్నను సరే, ఉపాధ్యాయుడు బల్లపై వ్రాసి చదివి వినిపింపవలెను. దానిని శిష్టభాషలోనికి దిద్దుట నాటి పని కాదు.