రాయల్ క్రెసెంట్ వెనక సందు

ఇంగ్లండులోని బాత్ నగరంలో రాయల్ క్రెసెంట్‌ని ఎదురుగా నిలబడి చూస్తే ఒకే రాజభవనం అనిపిస్తుంది. కాదు. నెలవంకలా వంగి, ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న 30 ఇళ్ళు. జాన్ వుడ్ ది యంగర్ రూపకల్పనలో 1767లో పని మొదలైంది, 1770ల మధ్యకల్లా పూర్తయింది. తేనెరంగు సున్నపురాయి, 114 అయోనిక్ స్తంభాలు. ఎక్కడా ఒక కిటికీ వరస తప్పదు.

ఆఫీసు పని మీద వెళ్ళి, ఓ ఆదివారం ఖాళీ దొరికితే చూడ్డానికి వెళ్ళాను. వెనక సందులోకి తిరిగేసరికి కథ మారిపోయింది. ఒక ఇల్లు ముందుకి పొడుచుకొచ్చింది, పక్కది లోపలికి తగ్గింది. కప్పులు వేరు, కిటికీలు వేరు, గోడల మీద అడ్డదిడ్డంగా పైపులు. ఎందుకంటే వుడ్ గీసిచ్చింది ముఖభాగమే. అందులో తలో ముక్కా తీసుకున్నవాళ్ళు, దాని వెనక ఎవరి అవసరానికి తగ్గట్టు వాళ్ళు ఇల్లు కట్టించుకున్నారు.

మరి ఇది మోసమా? కట్టడం తాను కానిదానిలా కనబడాలని చూడటం రస్కిన్ దృష్టిలో నైతిక దోషం. 1849లో రాసిన ‘సెవెన్ లాంప్స్ ఆఫ్ ఆర్కిటెక్చర్’లో ఏడింట ఒక దీపాన్ని సత్యానికే కేటాయించాడు. నాకు మాత్రం ముచ్చటేసింది. సాఫ్ట్‌వేర్‌వాణ్ణి కదా! ఇంటర్‌ఫేస్ అందరికీ ఒకటే, లోపలి సంగతి ఎవరిష్టం వాళ్ళది. వీధికివ్వాల్సిన మర్యాద వీధికిచ్చి, ఇంట్లో మనకి నచ్చినట్టు మనం బతికితే అందులో అబద్ధం ఏముంది?

(ఆ మర్యాద కూడా మరీ బిగుసుకుపోతే కష్టమే. 1970లలో 22వ నంబరు ఇంటావిడ తలుపుకి పసుపు రంగు వేయిస్తే, తెలుపే ఉండాలని కౌన్సిల్ నోటీసిచ్చింది. గొడవ మంత్రి దాకా వెళ్ళింది, చివరికి ఆవిడే గెలిచింది. క్రెసెంట్ అందానికేమీ కాలేదు.)

నా వాదనకి దెబ్బ తగిలింది 1వ నంబరు ఇంట్లో. ఇప్పుడది మ్యూజియం. వంటగదిలో గోడకి ఎత్తున ఒక చక్రం ఉంది. పొయ్యి దగ్గర మాంసం గుచ్చిన కడ్డీ ఆగకుండా తిరగాలి కాబట్టి, ఆ చక్రంలో ఒక చిన్న కుక్కని పరిగెత్తించేవాళ్ళట. దాని కిందే చాలాసేపు నిలబడిపోయాను. ముందువైపు ఎలా ఉండాలో ఒప్పుకున్నదీ, వెనక నచ్చినట్టు కట్టుకున్నదీ ఆ ఇళ్ళు తీసుకున్నవాళ్ళే. బొగ్గులూ నీళ్ళూ మోసి ఇంటిని నడిపించినవాళ్ళని ఆ రెంటిలో దేని గురించీ ఎవరూ అడిగి ఉండరు. వాళ్ళు కనబడకపోవడం కూడా ఆ అందంలో భాగమే.

ఆ మధ్య ఓ మీటింగులో మా టీమ్ కుర్రాడు, “అన్నా, ఆ రిపోర్టు ఆటోమేటిక్‌గా ఏం రావట్లేదు. నైట్ షిఫ్ట్‌వాళ్ళు రోజూ చేత్తో సరిచేస్తున్నారు. క్లయింటుకి చెబుదామా?” అన్నాడు. “అది ఇంప్లిమెంటేషన్ డీటెయిల్‌రా” అన్నాను. అందరం నవ్వాం.

వాడు నవ్వలేదని ఆ వంటగదిలో గుర్తొచ్చింది. ఆ నైట్ షిఫ్ట్‌లో వాడు రెండేళ్ళు చేశాడని కూడా.