బఫే పళ్లెం – పరలోక లెక్క



సెలవు రోజున కుటుంబమంతా శాకాహార హోటలుకు వెళ్లడం నేడు మన ఇళ్లలోనూ మామూలైపోయింది. తలకు ఇంతని డబ్బు కడితే పూరీ, పులిహోర, పనీర్ కూర మొదలు గులాబ్ జామ్ వరకు ఎంత కావాలంటే అంత వడ్డించుకోవచ్చు. బయటికొస్తూ అక్కడి మిఠాయి దుకాణంలో కాజాలో, మైసూర్ పాకో కొనుక్కోవచ్చు. ‘మాంసం లేదు గనుక జబీహా చింత లేదు’ అని మనసు కుదుటపడుతుంది. అది సరైనదే. నిషిద్ధ పదార్థాలు కలవనప్పుడు, దైవేతరులకు అర్పించినది కానప్పుడు, ముస్లిమేతరులు వండిన శాకాహారం తినడంలో తప్పు లేదు.

అయితే హలాల్ హరామ్‌ల విచారణ వంటగదితోనే ముగియదు. మన పళ్లెం దాకా వస్తుంది. తినడానికి, త్రాగడానికి అనుమతించిన ఆయత్‌లోనే అల్లాహ్ మితిమీరవద్దని కూడా హెచ్చరించాడు (అల్ ఆరాఫ్: 31).

బఫే దగ్గర షైతాన్ చెవిలో ఊదే మాట ఒకటుంది: ‘డబ్బు కట్టావుగా, వదిలితే నష్టం!’ ఆ మాట విని పళ్లెం నింపుతాం, సగం తిని లేస్తాం. మనం డబ్బిచ్చి కొన్నది తినే హక్కును. అన్నాన్ని చెత్తబుట్టలో వేసే హక్కు ఏ ధరకూ రాదు. ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో ప్రపంచంలో సుమారు 105 కోట్ల టన్నుల ఆహారం వృథా అయింది. అందులో దాదాపు 29 కోట్ల టన్నులు హోటళ్ల వంటి చోట్లదే.

ఇతరులతో కలిసి తింటున్నప్పుడు, తోటివారి అనుమతి లేనిదే రెండేసి ఖర్జూరాలు ఒకేసారి తీసుకోవడాన్ని దైవప్రవక్త (సఅసం) వారించారు. ఒక కరువు ఏడాది ఖర్జూరాలు తింటున్న వారికి హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) ఈ విషయాన్నే గుర్తుచేశారు (బుఖారీ, ముస్లిం). వెనుక వరుసలో ఉన్నవారిని మరచి జిలేబీలన్నీ మన పళ్లెంలోకి ఒంపుకునే ముందు ఈ హదీసు గుర్తుకు రావాలి.

ఇంకో మాట. ఏడేళ్ల బిడ్డను ఐదేళ్లవాడని చెప్పి సగం ధర కట్టడం, ఒకరికి డబ్బు కట్టి ఇద్దరు తినడం, అడగకుండా మిఠాయిలు సంచిలో వేసుకోవడం తెలివి కాదు, మోసం. పక్కన నిలబడి వింటున్న ఆ బిడ్డకు అబద్ధం నేర్పింది ఎవరు?

కనుక మొదట కొంచెమే వడ్డించుకుందాం. చాలకపోతే మళ్లీ వెళదాం. పిల్లలకూ అదే అలవాటు చేద్దాం. మిఠాయి కొన్నప్పుడు ఒక పొట్లం పొరుగింటికి ఇద్దాం. కానుక ముందు ఏ పొరుగువారికి ఇవ్వాలని హజ్రత్ ఆయిషా (రజి) అడిగితే, ఎవరి గుమ్మం దగ్గరైతే వారికని దైవప్రవక్త (సఅసం) సెలవిచ్చారు (బుఖారీ).

ఒకసారి దైవప్రవక్త (సఅసం), అబూబక్ర్ (రజి), ఉమర్ (రజి) ఆకలికి తాళలేక ఇల్లు విడిచి బయటికొచ్చారు. ఒక అన్సారీ సహచరుడు ఖర్జూరాలు, మాంసం, నీళ్లతో ఆతిథ్యమిచ్చారు. కడుపు నిండాక, ఈ అనుగ్రహం గురించి కూడా ప్రళయదినాన ప్రశ్న ఉంటుందని ఆయన తెలిపారు (ముస్లిం). ఆకలితో వచ్చి తిన్న ఆ పూటకే లెక్క ఉంటే, పదిరకాలు రుచిచూసి సగం పారేసిన మన పళ్లానికి ఎంత లెక్క ఉండాలి!

తన అనుగ్రహాలకు కృతజ్ఞత చూపే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.