చనువు ఎవరి కోసం?

కొత్తగా బడిలో చేరిన టీచరుకి అందరూ చెప్పే మాట ఒకటే. ముందు పిల్లలకి దగ్గరవ్వు, పాఠం తర్వాత చెప్పొచ్చు. మొదటి వారంలో అందరి పేర్లూ నేర్చుకో. గుమ్మం దగ్గరే పలకరించు. ఇంట్లో ఎవరెవరున్నారో అడుగు. మంచి సలహాలే. కాకపోతే ఇవి విన్నప్పుడల్లా నాకు ఆఫీసు గుర్తొస్తుంది. కొత్త టీమ్‌కి వచ్చిన మేనేజరు కూడా మొదటి వారం ఒక్కొక్కరితో అరగంట కూర్చుంటాడు. హాబీలేంటి, వీకెండ్ ఏం చేస్తారు అని అడుగుతాడు. ఆ అరగంట దేనికో అతనికీ తెలుసు, మనకీ తెలుసు. రేపు డెడ్‌లైన్ ముంచుకొస్తే శనివారం రమ్మనడానికి మొహమాటం అడ్డురాకూడదు కదా. ముప్పై దాటినవాళ్ళం కాబట్టి నవ్వుకుని ఊరుకుంటాం. ఏడేళ్ళ పిల్లకి ఈ లెక్క తెలీదు. మేడమ్ పేరుపెట్టి పిలిచిందంటే తనంటే ఇష్టమనే అనుకుంటుంది.

మా పిన్ని కూతురు 2025 మెగా డీఎస్సీలో ఎస్జీటీగా ఎంపికైంది. అనకాపల్లి దగ్గర్లోనే ఒక చెరకు ఊళ్ళో ప్రాథమిక పాఠశాల. చేరిన కొన్నాళ్ళకి ఫోన్ చేసి అడిగింది. "అన్నయ్యా, నేను వీళ్ళతో ప్రేమగానే ఉంటున్నానా, లేకపోతే నా మాట వింటారని ప్రేమగా ఉంటున్నానా?"

నాకు వెంటనే కాంట్ గుర్తొచ్చాడు. మనిషిని కేవలం సాధనంగా చూడొద్దన్నాడాయన. అందులో "కేవలం" అన్నది తీసేస్తే వాక్యం అర్థమే మారిపోతుంది. పిల్లల మీద ఇష్టమూ ఉండొచ్చు, క్లాసు గోల తగ్గాలన్న అవసరమూ ఉండొచ్చు. ఈ మాట చెప్తే "సరే" అంది. ఆ "సరే"లో పెద్దగా ఒప్పుకోలు వినపడలేదు.

ఆ ప్రశ్నకి ఇంకా దగ్గరగా వెళ్ళినవాడు మార్టిన్ బూబర్. 1939లో టెల్ అవీవ్‌లో టీచర్ల సభలో మాట్లాడుతూ ఆయన ఒక దృశ్యం చెప్తాడు. కుర్ర టీచరు ఒకడు మొదటిసారి సొంతంగా క్లాసులో అడుగుపెడతాడు. అంతా గందరగోళం. వీళ్ళని నేను ఎంచుకోలేదే అనుకుంటాడు. ముందు గట్టిగా ఆజ్ఞలు వేసి అదుపులో పెడదామా అనిపిస్తుంది. అంతలో ఒక ముఖం కనిపిస్తుంది. అందమైనదేం కాదు, మరీ తెలివైనదీ కాదు. ఆ పిల్లాణ్ణి ఒక మామూలు ప్రశ్న అడుగుతాడు, మృత సముద్రం ఎలా ఉంటుందని. ఆ ప్రశ్నలో ఏదో తేడా ఉంటుంది. పిల్లాడు నిజంగా ఆ సముద్రం దగ్గరికి వెళ్ళొచ్చినవాడు, తను చూసింది చెప్పడం మొదలుపెడతాడు. క్లాసు వింటుంది. అదే ప్రసంగంలో బూబర్ ఇంకో మాటంటాడు. నమ్మకం సంపాదించాలని గట్టిగా ప్రయత్నించినంత మాత్రాన అది దొరకదు, ఎదుటివాళ్ళ బతుకులో మామూలుగా పాలుపంచుకుంటే వస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు గిడుగు రామమూర్తి గుర్తొచ్చారు. ఏటా ఆగస్టు 29న ఆయన్ని వ్యావహారిక భాష కోసం తలుచుకుంటాం గానీ, అంతకంటే ముందు ఆయన బడిపంతులు. 1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో నెలకి ముప్పై రూపాయల జీతం మీద ఫస్టు ఫారానికి చరిత్ర చెప్పడానికి చేరారు. చుట్టూ కొండల్లో సవరలు. వాళ్ళకి చదువు చెప్పాలనుకున్నప్పుడు ముందు వాళ్ళకి తెలుగు నేర్పలేదు, తనే సవర నేర్చుకున్నారు. తెలుగు తెలిసిన ఒక సవరని ఇంట్లో పెట్టుకుని మరీ. ఆ తర్వాత సవరలో వాచకాలు రాసి సొంత ఖర్చుతో చెప్పించారు. 1911లో మద్రాసు ప్రభుత్వం ఆ పుస్తకాలకి వెయ్యి రూపాయలు ఇవ్వబోతే వద్దన్నారు, ఆ డబ్బుతో బడి పెట్టమన్నారు. మన్యంలో తిరిగి జ్వరాలొచ్చి, క్వినైన్ మింగీ మింగీ ఆయనకి చెవుడొచ్చింది. సవరలకి దగ్గరవ్వడం ఆయన వేసుకున్న ప్లాను కాదనుకుంటాను. వాళ్ళ మాట ఆయనకి నిజంగా కావలసి వచ్చింది, అంతే.

మా వైపు పిల్లలకి ఈ సంగతి చిన్న మోతాదులో రోజూ ఎదురవుతుంది. ఇంట్లో "ఏటి", బళ్ళో "ఏమిటి". "ఏటి" అన్న ప్రతిసారీ దిద్దే టీచరుకి పిల్ల చెప్పబోయింది ఎప్పుడూ పూర్తిగా వినపడదు. మా చెల్లి అనకాపల్లి గవరపాలెంలో పెరిగిన మనిషే. ట్రైనింగుల్లో నేర్చిన పుస్తకాల తెలుగుతో రెండు వారాలు నెట్టుకొచ్చి, ఓ రోజు అలిసిపోయి "ఏట్రా అది?" అనేసిందట. క్లాసంతా ఒకటే నవ్వు. ఆ తర్వాతే కబుర్లు మొదలయ్యాయట. డిసెంబరులో ఒకడు బెల్లం వండే దగ్గర్నించి నేరుగా బడికొచ్చాడు, ఆలస్యంగా. తిట్టబోయి, పాకం అయిందని ఎలా తెలుస్తుందిరా అని అడిగింది. దానికి నిజంగానే తెలీదు. బెల్లం మార్కెట్ ఉన్న ఊళ్ళో పుట్టి, దిమ్మలు తప్ప పాకం చూడలేదు. వాడు చేతులు తిప్పుతూ చెప్పాడు. చుక్క నీళ్ళలో వేస్తే ఉండ కట్టాలి, విడిపోతే ఇంకా కాలేదు, ఎక్కువ కాగితే మాడు వాసన. ఏటి టీచర్, ఇది కూడా తెల్దా అని జాలిపడ్డాడట.

ఇంతవరకూ బాగానే ఉంది. బూబర్‌తో నా పేచీ ఇక్కడే. ఆ కుర్ర టీచరు చూపు ఒక ముఖం మీద ఆగింది సరే, మిగతా ముప్పై ముఖాల సంగతేంటి? మన క్లాసుల్లో చూపు ఎక్కడ ఆగుతుందో చెప్పడానికి ఫిలాసఫీ అక్కర్లేదు. ఇస్త్రీ యూనిఫాం మీద, ముందు వరస మీద, టీచరుకి తెలిసిన ఇంటిపేరు మీద ఆగుతుంది. చూపు తనంతట తాను వెళ్ళే దారిలో కులం ఉంటుంది, శుభ్రం ఉంటుంది, చలాకీతనం ఉంటుంది. 1925లో హైడెల్‌బర్గ్ ప్రసంగంలో బూబరే, టీచరు నచ్చినవాళ్ళని ఏరుకోకూడదు, ఎదురుగా ఉన్నవాళ్ళందర్నీ స్వీకరించాలి అన్నాడు. స్వీకరించడం ఎలా? నాకు తోచేది ఆ మొదటి వారం సలహాలే. పేర్ల పట్టిక, ఇవాళ ఎవరితో మాట్లాడలేదో రాసుకునే నోట్‌బుక్. మనసు వెళ్ళని చోటికి కాళ్ళని తీసుకెళ్ళే పద్ధతులివి. మా చెల్లి నోట్‌బుక్‌లో అలా నాలుగు రోజులు వరసగా ఖాళీగా మిగిలిన పేరు ఒకటుందట, చివరి వరసలో కూర్చునే అమ్మాయిది. ఆ పిల్ల మీద తనకి ఇష్టం పుట్టి కాదు, ఖాళీ కనబడింది కాబట్టి వెళ్ళి పక్కన కూర్చుంది. మేనేజరు అరగంటని వెక్కిరించిన నేనే ఈ నోట్‌బుక్‌ని వెనకేసుకొస్తున్నాను. తేడా ఏంటంటే, ఈ నోట్‌బుక్‌లోని లెక్క పిల్ల కోసం టీచరు మీద పెట్టినది.

ఆ అమ్మాయి చాలా రోజులు ఏం మాట్లాడలేదు. అంతకుముందు టీచరు బదిలీ మీద వెళ్ళిపోయారు, పిల్లలు ఏడ్చారని ఊళ్ళో చెప్తారు. మొన్న సంక్రాంతి సెలవులకి ముందు అడిగిందట.

"టీచర్, నువ్వూ ఎలిపోతావా?"

"వెళ్తాను. ఎప్పటికో ఒకప్పుడు బదిలీ అవుద్ది. పండగెళ్ళాక మాత్రం వస్తాను."

పిల్ల కాసేపు ఆలోచించి, "అయితే మా అమ్మమ్మ అరిసెలు తెస్తాను, ఉండు," అందట.