చెప్పకుండా వెళ్ళవచ్చునా?

కిందటి నెల ఒక ఆదివారం దివ్యపూజ ముగిసిన తరువాత ఒక పెద్దావిడ నా కోసం వరండాలో కూర్చుని ఉంది. ఆమె భర్త బడిపంతులుగా పనిచేసి గతించారు. 40 ఏళ్ళుగా మా విచారణలోనే ఆమె కాపురం. ఒంటరిగా ఉండవద్దని, ఇల్లు అమ్మి తన దగ్గరకు వచ్చేయమని హైదరాబాదులో ఉన్న కొడుకు పట్టుబట్టాడు. ఆమె ఒప్పుకుంది. నన్ను అడిగింది ఒక్కటే.

"ఫాదర్ గారూ, ఎవరికీ చెప్పకుండా తెల్లవారుజాము బస్సుకు వెళ్ళిపోతే తప్పా? చెబితే అందరూ ఏడుస్తారు, నేను తట్టుకోలేను. పైగా 'వెళ్ళొస్తాను' అనాలి కదా. ఇల్లే లేనిదాన్ని ఎక్కడికని వస్తాను? అబద్ధమవుతుంది."

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నేనూ ఒకసారి అలాగే వెళ్ళాను.

గురుపట్టం పొందిన కొత్తలో ఒక విచారణ నుండి నాకు బదిలీ అయింది. దండలు, కన్నీళ్ళు ఎందుకని ఉపదేశిగారికి ఒక్కరికే చెప్పి మొదటి బస్సు ఎక్కాను. అదే వైరాగ్యమనుకుని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా. కొన్నేళ్ళకు ఆ ఊరు వెళితే ఉపదేశిగారు ఒక సంగతి చెప్పారు. సమాధుల తోట గోడ విషయంలో నాతో మాటా మాటా అనుకుని గుడికి రావడం మానేసిన ఒక తాత, నేను వెళ్ళిన మరుసటి ఆదివారమే రాజీపడదామని వచ్చాడట. నేను లేనని విని కొంతసేపు వాకిట్లో నిలబడి వెళ్ళిపోయాడట. నాకు ఆ సంగతి తెలిసేనాటికి ఆయన బ్రతికి లేడు. నేను నా కన్నీళ్ళు తప్పించుకున్నాను. ఆయనకు దక్కవలసిన సమాధానాన్ని దక్కకుండా చేశాను.

ఊరు విడవడం తప్పు కాదు. దేవుడు పిలిస్తే అబ్రాము 75 ఏళ్ళ వయసులో హారాను విడిచి బయలుదేరాడు. కనుక ప్రశ్న వెళ్ళవచ్చునా అని కాదు, ఎలా వెళ్ళాలి అని.

పునీత అగస్టీను 383లో కార్తేజి నుండి రోముకు వెళ్ళాలనుకున్నారు. తల్లి మోనికమ్మ వెళ్ళవద్దని, వెళితే తననూ తీసుకుపొమ్మని పట్టుకుంది. ఓడ ఎక్కబోయే స్నేహితుణ్ణి సాగనంపుతున్నానని ఆయన ఆమెకు అబద్ధం చెప్పారు. ఆ రాత్రి ఆమె పునీత సిప్రియను గుడిలో కన్నీటితో ప్రార్థిస్తుండగా ఓడ సాగిపోయింది. ఆ ప్రయాణంలో నుండే దేవుడు మేలు తెచ్చాడు. 387లో ఆయన మిలానులో జ్ఞానస్నానం పొందారు. అయినా తల్లికి అబద్ధం చెప్పానని ఆయన తరువాత తన 'కన్ఫెషన్స్' గ్రంథంలో దేవుని ముందు ఒప్పుకున్నారు. దేవుడు మేలు తెచ్చాడు కదా అని మన అబద్ధం నిజమైపోదు.

చెప్పకుండా వెళ్ళేవారు "వాళ్ళు బాధపడతారని" అంటారు. వాళ్ళకు బాధ ఎలాగూ తప్పదు. తరువాత తెలిస్తే ఇంకా ఎక్కువవుతుంది. తప్పేదల్లా ఆ బాధను మనం చూడటం మాత్రమే. అంటే అది వాళ్ళ మీద దయ కాదు, మన మీద మనకున్న జాలి.

పౌలు వెళ్ళిన తీరు చూడండి. మిలేతు నుండి కబురు పంపి ఎఫెసు సంఘపు పెద్దలను పిలిపించాడు. ఇక నా ముఖం మీరు చూడరని దాచకుండా చెప్పాడు. ఎవరి వెండి బంగారాలనూ ఆశించలేదని గుర్తు చేశాడు. వారిని దేవునికి అప్పగించి, వారితో కలిసి మోకరించి ప్రార్థించాడు. వారందరూ ఆయన మెడను కౌగిలించుకుని ఏడ్చారు. ఏడ్చినా ఆయనను ఆపలేదు, ఓడదాకా వచ్చి సాగనంపారు. ఉండిపోయేవారు నేర్చుకోవలసింది కూడా ఇక్కడ ఉంది. కన్నీళ్ళు పెట్టవచ్చు గాని, వాటితో వెళ్ళేవారి కాళ్ళకు బంధం వేయకూడదు.

మరి 'వెళ్ళొస్తాను' సంగతి? దూరం స్నేహాన్ని తెంచదని, అయితే ఎడబాటు చాలాకాలం సాగితే స్నేహం మరుపున పడవచ్చునని అరిస్టాటిల్ అంటాడు. గురువిద్యాలయంలో అది నాకు పరీక్షకు పనికొచ్చే మాటగానే తోచింది. ఇప్పుడు అర్థమవుతోంది. స్నేహం నిలవాలంటే పెద్ద పెద్ద మాటలు అక్కరలేదు, నిలుపుకోగలిగిన ఒక చిన్న మాట చాలు. ఆమెకు అదే చెప్పాను: "అమ్మా, రాగలిగినంతే చెప్పండి. కాని చెప్పి వెళ్ళండి."

ప్రియ పాఠకులారా, మన ఇళ్ళ నుండి ఎవరో ఒకరు వెళ్తూనే ఉంటారు, చదువులకు, అత్తవారింటికి, కువైట్ పనులకు, పిల్లల దగ్గరకు. సామాను సర్దేటప్పుడు ఇవి కూడా సర్దుకుందాం: ఎవరికైనా బాకీ ఉన్నామా? ఎవరినైనా క్షమాపణ అడగాలా? ఎవరితో కలిసి ప్రార్థన చేసి వెళ్ళాలి?

ఆ పెద్దావిడ వారం రోజులు ఇంటింటికీ తిరిగింది. 6 ఏళ్ళుగా మాటలు లేని పక్కింటావిడ గడప కూడా తొక్కింది. ఎప్పుడో అడిగి తెచ్చుకున్న ఇత్తడి బిందె తిరిగి ఇచ్చేసింది. అందరికీ ఒకే మాట చెప్పింది: "ఇక కాపురానికి రాను. నవంబరు 2న మృతుల స్మరణ నాడు మా ఆయన సమాధి దగ్గరకు వస్తాను. ఓపిక ఉన్నన్నాళ్ళు వస్తాను."

బస్సు దగ్గర చాలామంది ఏడ్చారు. ఆమె కూడా ఏడ్చింది. తట్టుకుంది.