పడిపోయే ఊళ్లో పొలం కొన్నాయన

ఈ మధ్య మన వయసువాళ్లు నలుగురు కలిస్తే మాటలన్నీ ఒక్క చోటికే వచ్చి ఆగుతున్నాయి. ఉద్యోగాలు ఏఐ తినేస్తుంది, నగరంలో నీళ్లుండవు, ఇక పెళ్లెందుకు, పిల్లలెందుకు. ఎవరో ఒకరు "కలియుగం కదా బ్రో" అని ముక్తాయింపు ఇస్తారు. (మన లెక్కలో కలియుగం మొత్తం 4,32,000 సంవత్సరాలు. గడిచింది ఐదు వేల పైచిలుకు. చివరికి వచ్చేశామనే మాట మన పంచాంగం ముందే నిలబడదు, అది వేరే సంగతి.)

ఈ నిరాశ గురించి మాట్లాడడానికి ఈసారి క్రైస్తవుల దగ్గర్నుంచి ఒక కథ తెచ్చాను. మన ఛానెల్లో బైబిలేంటి అని కొందరికి అనిపించొచ్చు. రేపంటే భయం అన్ని ఇళ్లలోనూ ఉంది. పక్కింటివాళ్లు దాన్ని ఎలా ఎదుర్కొన్నారో వింటే మన భక్తికి వచ్చే నష్టమేమీ లేదు.

డీట్రిష్ బాన్‌హోఫర్ జర్మనీలో పాస్టర్. హిట్లర్‌ని మొదట్నుంచీ వ్యతిరేకించినవాడు. 1939లో న్యూయార్క్ వెళ్లాడు. అక్కడే ఉండిపోతే ప్రాణానికి ఢోకా లేదు. అయినా కొన్ని వారాలకే ఓడెక్కి వెనక్కి వచ్చేశాడు. 1943 జనవరిలో, యుద్ధం నడుస్తుండగా, మరియా అనే అమ్మాయితో పెళ్లి నిశ్చయమైంది. ఏప్రిల్ 5న అరెస్టు చేసి బెర్లిన్‌లోని టెగెల్ జైల్లో పెట్టారు. ఏ లెక్కన చూసినా పెళ్లి ఆలోచన చేసే టైం కాదు. ఆ ఆగస్టులో మరియాకి రాసిన ఉత్తరంలో, తమ పెళ్లి నిశ్చయానికి అర్థం చెప్పడానికి, ఆయన యిర్మీయా పొలం కథ గుర్తుచేశాడు.

ఆ కథేంటంటే, క్రీస్తు పూర్వం 587 ప్రాంతంలో బబులోను సైన్యం యెరూషలేముని ముట్టడించింది. యిర్మీయా ప్రవక్త రాజుగారి చెరలో ఉన్నాడు. ఎందుకంటే "ఈ ఊరు పడిపోతుంది" అని పైకి చెప్పేశాడు. అప్పుడు పినతండ్రి కొడుకు హనమేలు వచ్చి, అనాతోతులో ఉన్న పొలం కొనమంటాడు. శత్రువు చుట్టుముట్టిన చోట రియల్ ఎస్టేట్! ఈయన కొన్నాడు. పదిహేడు షెకెళ్ల వెండి తూచి ఇచ్చాడు. దస్తావేజు రాయించాడు, సాక్షులతో సంతకాలు పెట్టించాడు. ముద్ర వేసినది ఒకటి, తెరిచి ఉంచినది ఒకటి. రెండూ బారూకుకి ఇచ్చి, చాలాకాలం పాడవకుండా మట్టికుండలో పెట్టమన్నాడు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక పూట గడిపినవాళ్లకి ఈ ఓపిక ఎంతటిదో తెలుస్తుంది.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాత జరిగింది. డబ్బు కట్టేశాక యిర్మీయా దేవుణ్ణి అడుగుతాడు: ఊరు శత్రువు చేతికి పోతోంది, నువ్వేమో పొలం కొనమంటావు, ఇదేంటి స్వామీ? అనుమానం పోయాక సంతకం పెట్టలేదాయన. అనుమానంతోనే పెట్టాడు.

మనం సాఫ్ట్‌వేర్ వాళ్లం ఇక్కడే తికమక పడతాం. ఆశ అంటే డాష్‌బోర్డులో గ్రాఫ్ పైకి వెళ్లడం అనుకుంటాం. గ్రాఫ్ కిందికొస్తే ఆశ పోయింది అంటాం. యిర్మీయా అంచనా అక్షరాలా నిజమైంది, ఊరు పడిపోయింది, గుడి కాలిపోయింది. అంత చెడ్డ అంచనా చేతిలో పెట్టుకుని కూడా పొలం కొన్నాడు. ఆశకీ అంచనాకీ సంబంధం లేదని నేను అనను గానీ, ఒకదాని జీతం మీద ఇంకోటి బతకదు.

క్రైస్తవులకి ఈ ధైర్యం ఎక్కణ్ణించి వస్తుంది? లోకం దానంతటదే బాగుపడుతుందని వాళ్ల విశ్వాసం చెప్పదు. సిలువ మీద చనిపోయిన యేసుని దేవుడు తిరిగి లేపాడని చెబుతుంది. అన్నీ అయిపోయాయి అనుకున్న చోటే దేవుడు పని మొదలుపెట్టాడు కాబట్టి, ఏ చోటునీ అయిపోయిందని రాసెయ్యకూడదు. మనకి కాలం చక్రం. వాళ్లకి అది ఒక గమ్యం వైపు సాగే దారి. ఈ తేడాని చెరిపేసి "అన్నీ ఒకటే" అనడం నాకు నచ్చదు, రెండింటికీ అన్యాయం అది. కానీ అశోకవనంలో సీతమ్మ, బతికుంటే నూరేళ్లకైనా ఆనందం వస్తుందనే పాత మాట తలుచుకున్న క్షణం, యిర్మీయా పొలం గట్టుకి పెద్ద దూరమేం కాదు.

బాన్‌హోఫర్ పెళ్లి జరగలేదు. 1945 ఏప్రిల్ 9న ఫ్లోసెన్‌బుర్గ్ క్యాంపులో ఉరితీశారు. రెండు వారాలకి అమెరికా సైన్యం అక్కడికి చేరింది. యిర్మీయా కూడా ఆ పొలంలో పంట తీసినట్టు గ్రంథంలో లేదు, ఆయన్ని ఈజిప్టుకి తీసుకుపోయారు. అయితే చెర నుంచి తిరిగొచ్చినవాళ్ల లెక్క బైబిల్లోనే ఎజ్రా గ్రంథంలో ఉంది. అందులో అనాతోతు వాళ్లు 128 మంది.

"పరిస్థితులు బాగోలేవు, తర్వాత చూద్దాం" అని మీరు పక్కన పెట్టిన పని ఒకటి ఉంటుంది. చదువో, సంబంధమో, ఊళ్లో అమ్మానాన్నల కోసం కట్టాల్సిన గదో. ఈ వారం దానికి ఒక సంతకం పెట్టి రండి. వచ్చే వీడియోలో సుందరకాండ పదమూడో సర్గ చూద్దాం. లంకంతా వెతికినా సీతమ్మ కనబడక హనుమంతుడు చావే మేలనుకుంటాడు, అక్కణ్ణించి మొదలుపెడదాం.